అందరును కలిసి పోవు విహారయాత్ర

విహారయాత్ర యన్న మాట చెవిని పడినంతనే పిల్లల మనస్సులు పొంగును. కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము చేయుట తెలుగువారికి తాతముత్తాతలనాటినుండి వచ్చుచున్న ఆచారము. పాలమూరు సీమలో కురుమూర్తి జాతర వచ్చినచో చుట్టుపట్ల గ్రామములవారు పిల్లాపాపలతో తరలిపోవుదురు. దేవుని దర్శనముకంటె ముందుగా రంగులరాట్నమును, మిఠాయి అంగడియును పిల్లలకు జ్ఞప్తికి వచ్చును. అందు తప్పు లేదు. ఆటయు వినోదమును బాల్యమునకు అన్నమువంటివి.

అట్టి జాతరలలో నొక దృశ్యము కానవచ్చుచుండును. నడువలేని పసిబిడ్డను భుజములపై నెక్కించుకొని తండ్రి మెట్లెక్కుచుండును. చూపులేని మనుమని చేయి పట్టుకొని అవ్వ అంగళ్లవెంట నడచుచు, ఒక్కొక్క బొమ్మను వాని చేతికిచ్చి తడవి చూడుమనుచుండును. ఇట్లు చేయవలెనని వారికెవ్వరును బోధింపలేదు. కాని బిడ్డ పెరుగును. పండ్రెండు, పదుమూడేండ్లు వచ్చునప్పటికి తండ్రి భుజములు ఆ భారమును మోయజాలవు. ఆ యేటినుండి ఇంటివారందరు జాతరకు పోవుదురు. ఆ బిడ్డ మాత్రము ఇంటికి కావలిగా నుండును. ఎనిమిదవ తరగతి చదువు పిల్లల వయస్సు సరిగా అదియే యగుట గమనింపదగిన విషయము.

2019లో జిల్లా కేంద్రమైన నారాయణపేటలో, ఒక పాఠశాలవారు ఎనిమిదవ తరగతి పిల్లలను హైదరాబాదు చెంతనున్న వినోదోద్యానమునకు తీసికొనిపోవ నిశ్చయించిరనుకొనుడు. తరగతిలో నలువదిమంది కలరు. వారిలో ఒక బాలిక చక్రముల కుర్చీలో వచ్చును. ఒక బాలునికి చూపు లేదు. ఇరువురికి వినబడదు. మరియొక బాలునికి మేధోవైకల్యము కలదు. పెద్ద చప్పుడు విన్నను, గుంపును చూచినను బెదరును. పేర్లు వ్రాయు దినమున పెద్దలెవరో ఆ బాలికతో, "నీకేల తల్లీ, యీ శ్రమ? నీవు ఇంటనే హాయిగా నుండుము. నీకు మంచి బొమ్మ తెచ్చి పెట్టెదములే" అందురు. మాటలు మెత్తనివి. బాలిక తల యూపును. ఆమె యొప్పుకొన్నదని అందరును తలంతురు. కాని "నీకు రావలెనని యున్నదా?" అని ఆమెను అడిగినవారు ఒక్కరును లేరు.

ఆమెను అడుగవలసిన పని యున్నదని లోకమంతయు కలిసి ఒప్పుకొని ఎంతోకాలము కాలేదు. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించెను. ఆటపాటలలోను, వినోదములలోను, పాఠశాలలో జరుగు అట్టి కార్యక్రమములలోను వికలాంగులైన పిల్లలు తోడి పిల్లలతో సమానముగా పాల్గొనవలెనని అందలి 30వ అధికరణము చెప్పుచున్నది. భారతదేశము 2007 అక్టోబరు 1న ఆ ఒడంబడికను ధ్రువీకరించినది. తరువాత 2016లో మన పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టమును చేసెను. 1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములనే పేర్కొనగా, ఈ చట్టము 21 విధములను పేర్కొన్నది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, వికలాంగులకు అందుబాటు కల్పించు నియమములు వట్టి సలహాలుగా నుండరాదనియు, తప్పక పాటింపవలసినవిగా నుండవలెననియు తీర్పు చెప్పెను. కావున ఆ బాలికను వెంట తీసికొనిపోవుట ఆమెపై చూపు దయ కాదు. ఆమెకు రావలసినదానిని ఆమెకిచ్చుటయే.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున శాన్ ఆంటోనియో యను నగరము కలదు. అచ్చటి గార్డన్ హార్ట్‌మన్ అను గృహనిర్మాణ వ్యాపారికి మోర్గన్ అను కుమార్తె. ఆమెకు మేధోవైకల్యము కలదు. ఒకమారు వేసవి విహారమునకు పోయినప్పుడు, ఈతకొలనులో బంతియాడుచున్న పిల్లలతో ఆడుకొనవలెనని ఆమె వారిని సమీపించెను. ఆమెతో ఎట్లు మెలగవలెనో తెలియక ఆ పిల్లలు ఆట మాని వెడలిపోయిరి. తండ్రి యీ సంగతిని మనస్సునందుంచుకొని, పాతబడిన రాతిగని స్థలములో 25 ఎకరముల వినోదోద్యానమును కట్టించి, కుమార్తె పేరిట 2010లో తెరపించెను. అందు చక్రముల కుర్చీతోడనే ఎక్కి ఊగదగిన ఊయలలు కలవు. తిరుగు రాట్నములో గుఱ్ఱముల ప్రక్కనే కుర్చీని నిలుపుకొను చోటు కలదు. ఆ చోటును గుఱ్ఱమువలెనే పైకిని క్రిందికిని కదలును. వికలాంగులకు ప్రవేశ రుసుము లేదు. 2017లో దానిచెంతనే జలక్రీడల ఉద్యానమును తెరచి, నీట తడిసినను చెడక గాలిబలముచే నడచు కుర్చీలను అందు ప్రవేశపెట్టిరి. అచ్చట వికలాంగులును, ఇతరులును వేరువేరుగా గాక కలిసియే ఆడుకొందురు. ఆ తండ్రి కోరినదియు నదియే.

అట్టి ఉద్యానము నారాయణపేట దరిదాపులలో లేదు. ఐనను ఉన్నదానితోనే, కొద్దిపాటి సొమ్ముతోనే, అందరును కలిసి పోవచ్చును. దానికి వలసినది ముందుచూపు.

మొదటి పని అడుగుట. ఏ పనులు స్వయముగా చేసికొనగలరో, ఎచ్చట సహాయము కావలెనో, ఏ మందులు ఏ వేళకు వేసికొనవలెనో పిల్లలను, వారి తలిదండ్రులను అడిగి వ్రాసికొనవలెను. మండల కేంద్రములలోని భవిత కేంద్రముల ఉపాధ్యాయులు ఇట్టి పిల్లల అవసరముల నెరిగినవారు. వారి సలహా గైకొనుట మంచిది. అడుగుటకు సిగ్గుపడు విషయము మరుగుదొడ్డి. తగిన మరుగుదొడ్డి దొరకునో లేదో యను భయముతో కొందరు బాలికలు యాత్రాదినమున నీరే త్రాగరు. ఎండలో నది మిక్కిలి హానికరము. ఈ సంగతిని ఉపాధ్యాయినియే ముందుగా కదిపినచో బాలికకు భయము తీరును.

రెండవ పని స్థలనిర్ణయము. హైదరాబాదులో 1963లో తెరచిన నెహ్రూ జంతుప్రదర్శనశాల కలదు. విజయవాడ మార్గమున 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ కలదు. రావిర్యాలవద్ద 2016లో తెరచిన వండర్‌లా కలదు. జంతువులను చూచుటకును, ఫిల్మ్ సిటీలో వాహనమెక్కి కట్టడములను చూచుటకును కన్నులు ముఖ్యము. చూపులేని బాలునికి వానిని వర్ణించి చెప్పు స్నేహితుడు కావలెను. రావిర్యాలలో గాలి, వేగము, నీరు ఒంటికి తగులును. అవి చూపులేనివానికిని అందును. కాని అచ్చటి కొన్ని యంత్రములు నడువలేనివారికి తగవు. ఇట్లు ఒక్కొక్క స్థలము ఎవరికెంత అందునో తూచి చూచి నిర్ణయింపవలెను.

స్థలము తేలిన పిదప అచ్చటివారికి లేఖ వ్రాయవలెను. ఏ యంత్రములపై ఎవరెవరు ఎక్కవచ్చును? చక్రముల కుర్చీ పట్టు మరుగుదొడ్డి ఎచ్చట నున్నది? వెంటవచ్చు సహాయకులకు రుసుములో రాయితీ కలదా? ఏ దినములలో రుసుము తక్కువ, గుంపు తక్కువ? మెట్లున్నచోట ర్యాంపు కలదా? ర్యాంపు ఉన్నంతమాత్రమున చాలదు. ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు ఉండవలెనని నియమము. అంతకంటె నిటారుగా నున్నచో కుర్చీ వెనుకకు జారును. ఈ ప్రశ్నలకు జవాబులు కాగితముపై వచ్చినచో, గంటసేపు వరుసలో నిలిచిన పిల్లవాడు తీరా తన వంతు వచ్చునప్పటికి వెనుకకు మరలవలసిన దుఃఖము తప్పును.

మూడవ పని మార్గము. నారాయణపేటనుండి హైదరాబాదు సుమారు 165 కిలోమీటర్లు. మరికల్లు, దేవరకద్రమీదుగా మహబూబ్‌నగరు చేరి, జడ్చర్ల, షాద్‌నగరు దాటి పోవలెను. రావిర్యాలకు పోవువారు నగరములో ప్రవేశింపనక్కరలేదు. శంషాబాదువద్ద బాహ్యవలయ రహదారి నెక్కి తుక్కుగూడమీదుగా చేరవచ్చును. దారిలో విశ్రాంతికి ఆగు చోట్లను, అచ్చటి మరుగుదొడ్లను ఒక ఉపాధ్యాయుడు ముందుగా చూచివచ్చుట మేలు.

ఇక సొమ్ము సంగతి. వికలాంగులైన పిల్లలను విడిచిపోవువారు తరచుగా చెప్పు కారణము ఖర్చు. ఈ మాట ఎంతవరకు నిజమో లెక్క వేసి చూడుడు. బస్సు అద్దె 20,000 రూపాయలనుకొనుడు. నలువదిమందియు పోయినచో తలకు 500 రూపాయలు. ఐదుగురిని విడిచిపోయినను అద్దె తగ్గదు. మిగిలిన 35 మందిలో ఒక్కొక్కరు 571 రూపాయలకు పైగా చెల్లింపవలెను. అనగా ఆ ఐదుగురు రాకుండుటవలన తక్కినవారికి లాభము లేదు, నష్టమే.

ఖర్చు తగ్గించు ఉపాయములు ఇంకను కలవు. 2023 డిసెంబరు 9నుండి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో బాలికలకును స్త్రీలకును ఛార్జీ లేదు. మక్తల్ మీదుగా పోవు రైలుమార్గమున జక్లేరు, కృష్ణల నడిమి భాగము 2023 అక్టోబరు 1న ప్రారంభమైనది. కాచిగూడ, రాయచూరుల నడుమ రైలు నడచుటకు నాడే నాంది పలికిరి. రైలులో, చూపు పూర్తిగా లేనివారికిని, తోడులేక ప్రయాణింపలేని చలనవైకల్యము గలవారికిని, మేధోవైకల్యము గలవారికిని రెండవ తరగతి ఛార్జీలో నూటికి 75 వంతుల రాయితీ కలదు. వెంటవచ్చు ఒక సహాయకునికిని అంతే రాయితీ. ఇరువురును కలిసి చెల్లించునది ఒక్కరి టిక్కెట్టులో సగమే. దీనికి తగిన ధ్రువపత్రమును ముందుగానే సంపాదించి యుంచవలెను.

ఐనను చౌకయైనదంతయు లాభము కాదు. బస్సు మెట్లు ఎత్తైనవి. దారిలో రెండు మూడు బస్సులు మారవలసి వచ్చినచో, చక్రముల కుర్చీలో నున్న బాలికను అన్నిమారులును ఎత్తి దింపవలెను. అందు మిగిలిన రూపాయలను ఆమె యొడలు చెల్లించును. అట్టిచోట నలువదిమందియు పంచుకొను అద్దె బస్సే చౌక. అందైనను ఆమెను ఎట్లు ఎత్తవలెనో ఆమెయే చెప్పవలెను. చెప్పక చెప్పక వెనుకనుండి కుర్చీని నెట్టుట, చేయి పట్టి లాగుట మర్యాద కాదు.

నాలుగవ పని తోడు. ఇద్దరిద్దరుగా స్నేహితులను జతపరచవలెను. వినబడని పిల్లలకు ప్రకటనలు చేరవు కావున చేతిసైగలను ముందే నిర్ణయించుకొనవలెను. చూపులేని బాలుడు యంత్రమెక్కుటకు ముందు పట్టుకొను కమ్మీని చేతితో తడవి చూచుకొనవలెను. చప్పుడునకు బెదరు బాలునికి నిశ్శబ్దమైన మూల యొకటి చూచియుంచి, అచ్చట జరుగబోవు విషయములను క్రమముగా ముందుదినమే చెప్పవలెను. జలక్రీడలకు నూలు బట్టలు తగవు. వాని పోగులు ఊడి నీటిని వడగట్టు యంత్రములలో చిక్కుకొనును. కావున నేతకు పేరుపొందిన ఊరి పిల్లలైనను ఆనాడు నైలాను బట్టలు తీసికొనిపోవలసినదే.

ఇంత చేసినను కొన్ని యంత్రములపై కొందరిని ఎక్కనీయరు. రోలర్ కోస్టరు మలుపు తిరుగునప్పుడు శరీరము విసరివేసినట్లగును. తల నిలుపుకొనుటకును, కమ్మీని గట్టిగా పట్టుకొనుటకును శక్తి లేనివారికి అది ప్రమాదకరము. గుండెజబ్బు గలవారిని, తగిన ఎత్తు లేనివారిని కూడ అందుకే ఆపుదురు. ఇట్లు యంత్రము గుణమును బట్టి కారణము చెప్పి ఆపుట అవమానము కాదు. కారణము విచారింపక, "నీవు వికలాంగుడవు, నీవంటివారు ఎక్కరాదు" అనుటయే అవమానము. ఈ భేదమును పిల్లలందరును గుర్తింపవలెను. స్నేహితురాలు ఎక్కరాని యంత్రమువద్ద తక్కినవారు వంతులవారిగా ఆమెతో నిలిచి, పిదప అందరికిని తగిన ఆటకు కలిసి పోవలెను. అప్పుడామె ఇతరుల చెప్పులకు, సంచులకు కావలి కాయు మనిషి కాబోదు.

నారాయణపేట నేతగాండ్రు ఒకేమారు ఎనిమిది చీరలకు చాలిన పడుగును మగ్గమునకెక్కింతురు. పడుగు వేయునాడు ఒక్క పోగు విడిచినచో ఆ లోపము ఒక్క చీరతో పోదు. ఎనిమిది చీరలలోను కనబడును. విహారయాత్రకు పేర్లు వ్రాయు దినము పడుగు వేయు దినమువంటిది. ఆనాడు చేయవలసిన పని చిన్నది. ఉపాధ్యాయుడు ఆ బాలిక యెదుట కూర్చుండి, "నీకు రావలెనని యున్నదా, అమ్మా?" అని అడిగి, ఆమె జవాబు చెప్పువరకు ఓపికతో వేచియుండవలెను.

ప్రశ్నలు

1. జాతరకు పోవు బిడ్డ పెరిగిన తరువాత ఇంటనే నిలిచిపోవుటకు కారణమేమి?
2. గార్డన్ హార్ట్‌మన్ వినోదోద్యానమును కట్టించుటకు ప్రేరణ కల్గించిన సంఘటనను మీ మాటలలో వ్రాయుడు.
3. "ఆ ఐదుగురు రాకుండుటవలన తక్కినవారికి లాభము లేదు" – లెక్కతో నిరూపింపుడు.
4. యంత్రమెక్కనీయకుండ ఆపుటలో ఏది న్యాయము? ఏది అవమానము?
5. మీ తరగతివారందరును కలిసి పోదగిన విహారయాత్రకు ఒక ప్రణాళికను వ్రాయుడు. ముందుగా ఎవరిని, ఏమేమి అడుగవలెనో పేర్కొనుడు.