చెరకుతోటలో చిరుతపులి

మానవుడు పశువులను మచ్చిక చేసుకున్న నాటి నుండి అతనికీ క్రూరమృగానికీ వైరం సాగుతూనే ఉన్నది. మందలో మేక పోయిన నాడు కాపరి కడుపు మండుతుంది. పసిబిడ్డ పోయిన నాడు ఊరంతా కర్రలు పడుతుంది. ఆ ఆవేదనను తక్కువ చేసి మాట్లాడే అధికారం పట్టణవాసులమైన మనకు లేదు. అయితే ఊరి దాపున పులి కనిపించినప్పుడు దానిని చంపడం, లేదా పట్టి దూరపు అడవిలో విడవడం తప్ప వేరు మార్గం లేదని మనలో చాలామంది తలుస్తారు. రెండవ మార్గం దయతో కూడినదనీ, మనిషికీ మృగానికీ కూడా క్షేమమనీ నమ్ముతారు. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతపు అనుభవం తెలుపుతుంది.

జున్నర్ పుణె జిల్లాలో పశ్చిమ కనుమల అంచున ఉన్నది. కుకడి ప్రాజెక్టు ఆనకట్టల నీరు పారిన తరువాత అక్కడి మెట్టభూములు చాలావరకు చెరకుతోటలైనాయి. నాటిన తరువాత ఏడాదికి పైగా చెరకు కోతకు రాదు. ఆ కాలమంతా ఆ తోట చిరుతకు నీడనూ, నీటినీ, దాగే చోటునూ ఇస్తుంది. ఊరకుక్కలు, మేకలు చేరువలోనే దొరుకుతాయి. ఆడచిరుతలు ఆ తోటలలోనే ఈని, అక్కడే పిల్లలను పెంచుతున్నాయి. కనుక ఆ చిరుతలన్నింటినీ అడవి నుండి దారి తప్పి వచ్చినవని అనుకోవడం పొరపాటు. వాటిలో అనేకం పొలాలలో పుట్టి పొలాలలో పెరిగినవే.

2001లో అటవీశాఖ ఈ ప్రాంతపు చిరుతలను బోనులలో పట్టి, ఇతర అడవులలో విడిచే కార్యక్రమాన్ని పెద్ద ఎత్తున చేపట్టింది. ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం విపరీతమైనది. శాస్త్రవేత్త విద్యా ఆత్రేయ, ఆమె సహచరులు 2011లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, అంతకు పూర్వం ఏటికి సగటున 4గా ఉన్న దాడులు ఆ తరువాత 17కు పెరిగాయి. దాడులలో ప్రాణాంతకమైన వాటి పాలు కూడా రెట్టింపైనది.

ఇట్లు జరగడానికి కారణాలేమి? చిరుత తన నివాసభూమిని ఎరిగిన జంతువు. ఏ తోవన నీరున్నదో, ఏ వేళ మనిషి తిరుగుతాడో, ఎక్కడ దాగవలెనో దానికి తెలుసు. మనిషి కంటబడకుండా మసలడమే దాని జీవనవిధానం. బోనులో గాయపడి, బెదరి, ఎరుగని చోట విడువబడినప్పుడు ఈ తెలివి దానికి అక్కరకు రాదు. అది తన తావును వెదుకుతూ ఊళ్ల మీదుగా నడుస్తుంది. 2009లో ఒక బావిలో పడిన మగచిరుతను వెలికి తీసి, మెడకు రేడియో పట్టీ కట్టి మాల్షేజ్ ఘాట్ వద్ద విడిచారు. ‘ఆజోబా’, అనగా తాతయ్య, అని పేరు పొందిన ఆ చిరుత సుమారు 120 కిలోమీటర్లు నడిచి ముంబైలోని సంజయ్ గాంధీ జాతీయవనాన్ని చేరింది. దారిలో ఎవరికీ హాని చేయలేదు. అయినా విడిచిన చోట చిరుత నిలవదనడానికి ఇది చక్కని నిదర్శనం. మరొక కారణమున్నది: ఒక చిరుతను తొలగించిన చోటు ఖాళీగా ఉండదు, ఆ తావును మరొకటి వచ్చి ఆక్రమిస్తుంది.

ఈ అనుభవాల దృష్ట్యా కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2011లో మార్గదర్శక సూత్రాలను వెలువరించింది. చిరుత కేవలం కనిపించినంత మాత్రాన దానిని పట్టరాదన్నది వాటి సారాంశం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, మనుషుల ప్రాణాలకు ప్రమాదకరమై, పట్టుకొనుటకు గాని మత్తు ఇచ్చుటకు గాని వీలుకానప్పుడు మాత్రమే దానిని చంపడానికి ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడు అనుమతి ఇవ్వవచ్చు. మనిషిని పదేపదే వేటాడే చిరుతను ఆ ప్రాంతం నుండి శాశ్వతంగా తొలగించవలసినదే. ఇందులో సందేహం లేదు. కాని ఒకదాని నేరానికి చుట్టుపక్కల చిరుతలన్నింటినీ పట్టడం వలన ఊరికి భద్రత కలగదు.

మరి భద్రత దేనివలన? అన్నింటికన్న మొదట మేకల కొట్టం గట్టిగా ఉండవలెను. ముళ్లకంప చాలదు, పైకప్పు, ఇనుపవల, రాత్రి మూసే తలుపు కావలెను. ఊరి చెత్త తొలగితే ఊరకుక్కలు తగ్గుతాయి, వాటికై వచ్చే చిరుత రాకపోకలూ తగ్గుతాయి. చీకటి పడిన తరువాత పిల్లలను ఒంటరిగా బయటికి పంపరాదు. ఇంటనే మరుగుదొడ్డి ఉండవలెను. బావులకు పిట్టగోడలు కట్టవలెను. సేద్యానికి విద్యుత్తు రాత్రివేళ వచ్చే చోట రైతు చీకటిలో తోటకు పోక తప్పదు. పగటిపూట విద్యుత్తు ఇవ్వడం కూడా ప్రాణరక్షణే. చెరకు కోతలో పిల్లలు దొరికితే ఎత్తుకొనిపోక, అదే చోట పెట్టెలో ఉంచి జనం తొలగిపోవలెను. రాత్రి తల్లి వచ్చి తీసుకొనిపోతుంది. పిల్లలను కోల్పోయిన తల్లి ఊరికి ప్రమాదం. చిరుత ఒక మూలకు చిక్కినప్పుడు చుట్టూ మూగే జనమే సగం అపాయం. పోలీసులు జనాన్ని వెనుకకు జరిపితే చీకటిలో అది తన దారిన పోతుంది. పోయిన పశువుకు పరిహారం సత్వరం అందవలెను. ఆలస్యమైన పరిహారం కళేబరంలో విషం కలిపేందుకు ప్రేరేపిస్తుంది.

ఈ పాఠం మన తెలుగునాటికి దూరమైనది కాదు. 2023 ఆగస్టులో తిరుమలకు పోయే అలిపిరి కాలినడక దారిలో ఒక చిన్నారి చిరుత వాత పడింది. ఆ తరువాత బోనులు పెట్టి చిరుతలను పట్టారు. దానితోపాటు పిల్లలు నడిచే వేళలపై నియంత్రణ విధించారు, భక్తులకు చేతికర్రలు ఇచ్చారు. బోను ఆనాటి భయాన్ని తీర్చవచ్చు. ఏళ్ల తరబడి కాపాడేది వేళనూ, వెలుతురునూ, పరిశుభ్రతనూ పాటించడమే.

జున్నర్‌లో నేటికీ ప్రాణనష్టం పూర్తిగా ఆగలేదు. ఈ ఉపాయాలలో ఏ ఒక్కటీ సర్వరోగ నివారిణి కాదు. అయినా మృగాన్ని కదిలించడం కన్న మన అలవాట్లను సవరించుకోవడం మేలని అక్కడి అనుభవం రుజువు చేసింది. మన కళాశాల విద్యార్థులలో పల్లెల నుండి వచ్చేవారు అనేకులున్నారు. సెలవులలో ఇంటికి పోయినప్పుడు తమ మేకల కొట్టానికి తలుపు ఉన్నదా, బావికి గోడ ఉన్నదా అని చూచి, లేనిచోట పెద్దలతో చెప్పి కట్టించగలిగితే, ఈ చదువు అక్కరకు వచ్చినట్లే.