చిల్లర కరవునాటి చీటీలు

రెండవ ప్రపంచయుద్ధ కాలమున మన దేశమందు చిల్లర నాణెములు కరవయ్యెను. యుద్ధసామగ్రికై లోహములు కావలసివచ్చెను. జనులు నాణెములను దాచుకొనిరి. అవసరమునకు మించి నాణెములు కూడబెట్టరాదని 1940లో ప్రభుత్వము ఆజ్ఞాపించెను. 1943లో, దాదాపు 5 గ్రాములు తూగు పాత కాణీకి బదులు, నడుమ రంధ్రము గల 2 గ్రాముల కాణీని ముద్రించెను.

ఆ కాలముననే బికనీరు, బూందీ, మోర్వి మొదలగు సంస్థానములు అట్టముక్కలపై నగదు కూపనులను వెలువరించెను. వర్తకులును చిల్లరకు మారుగా తమ పేరు గల చీటీలను, బిళ్లలను ఇచ్చిరి.

అప్పుడు కాణీకి ప్రభుత్వము పూచీ. అది ఏ యూరనైనను చెల్లెడిది. చీటీకి వర్తకుని మాటయే పూచీ. అంగడి గడప దాటిన నది వట్టి కాగితము. అణా చీటీ పుచ్చుకొన్న కూలివాడు, వెల హెచ్చైనను, ఆ యంగడికే మరల పోవలసియుండెను. అంగడి మూతపడినచో నష్టము వానిదే.

విద్యార్థులారా! కర్నూలు, కడప ప్రాంతముల పాత పెట్టెలలో నిట్టివి దొరకినచో పారవేయకుడు, తోమకుడు. ఏ యూరిది, ఏ యంగడిది, ఎంత వెలది, ఎవరి యింట దొరకినది అను నాలుగు సంగతులను వెంటనే వ్రాసియుంచుడు. నాణెముపై సంవత్సరము ఉండును; చీటీపై తరచుగా నది యుండదు. ఎరిగిన పెద్దలు గతించిన పిమ్మట ఆ బిళ్ల యెవరిదో చెప్పువా రుండరు.