సైకిలు డిస్క్ బ్రేకులో ప్యాడ్‌ను పట్టి ఉంచేదేమిటి?

కొండదారుల్లో తొక్కే మౌంటెన్ సైకిళ్ళకు డిస్క్ బ్రేకులుంటాయి. క్యాలిపర్‌లోని రెండు ప్యాడ్ల మధ్య చక్రంతోపాటు డిస్కు తిరుగుతుంది. బ్రేకు నొక్కగానే డిస్కు ప్యాడ్లను తనతో లాక్కుపోబోతుంది. ఆ బలాన్ని కాచుకునేది క్యాలిపర్ గోడే గాని పిన్ను కాదు. ప్యాడ్లు జారిపడకుండా చూడడం వరకే పిన్ను పని.

చిన్న పనే, కానీ అది తప్పితే? నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకులో ప్యాడ్ ఊడితే పిస్టన్ హద్దు దాటి రావచ్చు, నూనె కారిపోవచ్చు. అదీ దిగుడులో అయితే ఊహించుకోండి!

చవక రకాల్లో స్ప్లిట్ పిన్ను దూర్చి కొన వంచుతారు. అదే పిన్నును మళ్ళీ మళ్ళీ వంచి సరిచేస్తుంటే లోహం అలసి విరుగుతుంది. ప్యాడ్లతోపాటు దాన్నీ మార్చడం మేలు. షిమనో ఖరీదైన రకాల్లో మర పిన్ను, దాని కొనకు చిన్న క్లిప్పు ఉంటాయి. మర వదులైనా క్లిప్పు ఆపుతుంది. మాగురా ఎం.టి. రకాల్లో పిస్టన్‌లోని అయస్కాంతమే ప్యాడ్‌ను వెనక్కి లాగుతుంది, మధ్యలో స్ప్రింగు అక్కర్లేదు. ముచ్చటైన ఏర్పాటే! అయితే ప్యాడ్ వెనక రేకు అల్యూమినియందైతే అయస్కాంతానికి అంటదు. అక్కడా ఒక స్క్రూ ఉండనే ఉంది.

మా ఓటు మాత్రం మర పిన్నుకే, క్లిప్పు పారేయనంతవరకు.