ట్రాక్టరు తాళపుచెవి ఎవరి చేతిలో ఉండవలెను?



పసుపు త్రవ్వకములు, వరికోతలు వచ్చినవనగా ధర్పల్లి ప్రాంతమున ట్రాక్టరుకు తీరిక ఉండదు. ఉదయము దుక్కి, సాయంత్రము కల్లము నుండి ధాన్యము, మరునాడు నిజామాబాదు మార్కెట్టుకు పసుపు. డ్రైవరు రాని నాడు తండ్రి తన పదవ తరగతి కుమారుని పిలిచి, "జర ట్రాక్టరు ఇంటిదాక తోలుకరా బిడ్డా" అనును. కుమారుడు సంతోషముతో సీటెక్కును. చూచినవారు మెచ్చుకొందురు. ఏ అపాయమును జరుగలేదు గనుక, మరుసటి వారము అదే బాలుడు ట్రాలీతో రోడ్డెక్కును. ఆ పై వారము ట్రాలీలో కూలీలును ఉందురు. ఈ అలవాటు ఎంత ప్రమాదకరమో, దానిని ఎట్లు మాన్పవలెనో ఇచట తెలిసికొందము.

ఎద్దుల బండి కొలత పనికిరాదు

"మేము పన్నెండేండ్లకే బండి తోలినాము, వీనికి పదహారు నిండినవి గదా" అని పెద్దలు అనుచుందురు. ఆ మాట నిజమే. బోధను వద్ద శక్కర్‌నగరులో 1937లో వెలసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీకి ఎద్దుల బండ్లపై చెరకు తోలిన కుటుంబములు ఈ జిల్లాలో ఎన్నియో కలవు. 2015లో ఆ ఫ్యాక్టరీ మూతపడినది. ఎద్దుల బండ్లు అంతకు ముందే తగ్గిపోయినవి. కాని ఆనాటి కొలత మాత్రము మన మనస్సులలో నిలిచియున్నది.

ఎద్దు గోతిని చూచి ఆగును, చీకటిలో కాలువ గట్టును గుర్తుపట్టును. తోలువాడు కునికినను ఇల్లు చేర్చును. బాలుని తెలివి చాలనిచోట ఎద్దుల తెలివి తోడుపడెడిది. ట్రాక్టరుకు ఆ తెలివి లేదు. సీటుపై కూర్చున్నవాని తెలివి ఎంతయో అంతే.

లెక్క చూడుడు. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకండులో 8 మీటర్లకు పైగా కదలును. అడ్డము వచ్చిన మేకను చూచి, కాలు బ్రేకుపై పడుటకు సుమారు ఒక సెకండు పట్టును. బ్రేకు పట్టిన పిమ్మట ఆగుటకు మరికొంత దూరము కావలెను. వేగము రెండింతలైనచో ఈ రెండవ దూరము సుమారు నాలుగింతలగును. వెనుక నిండు ట్రాలీ ఉండి, దానికి వేరుగ బ్రేకులు లేనిచో, ఆ బరువంతయు ట్రాక్టరును ముందుకు నెట్టును.

ట్రాక్టరు ఎట్లు తిరుగబడును?

1. కరిగెటలో వెనుక చక్రములు దిగబడినపుడు క్లచ్చిని ఒక్కసారిగా వదలిన, చక్రము తిరుగలేదు గనుక ఇంజను బలము ముందుభాగమును పైకి లేపును. బండి వెనుకకు తిరుగబడుటకు రెండు సెకండ్లయినను పట్టదు. దూకుటకు వ్యవధి ఉండదు. దిగబడిన బండిని రివర్సు గేరులో మెల్లగా తీయవలెను, లేదా మరియొక ట్రాక్టరుతో లాగించవలెను.

2. లాగుడు గొలుసును క్రిందనున్న డ్రాబారునకే తగిలించవలెను. ఇరుసు కంటె ఎత్తున కట్టినచో పైన చెప్పిన ప్రమాదమే కలుగును.

3. కుడి, ఎడమ చక్రములకు వేరువేరు బ్రేకు పెడళ్ళు కలవు. పొలములో మళ్ళుటకు ఇది సౌకర్యము. రోడ్డెక్కుటకు ముందు ఆ రెంటిని కలుపు కొక్కెమును తప్పక వేయవలెను. మరచినచో, ఒక పెడలు త్రొక్కగానే బండి ఒక ప్రక్కకు గిఱ్ఱున తిరిగి బోల్తాపడును.

4. డీజిలు మిగులునని వాలులో న్యూట్రలు చేయరాదు. చిన్న గేరులోనే దిగవలెను.

ఈ నాలుగును పెద్దలు అనుభవము మీద నేర్చుకొన్నవి. బాలునికి స్టీరింగు త్రిప్పుట, గేరు మార్చుట ఒక్కనాటిలో వచ్చును. కాని ఎప్పుడు ఆగవలెనో, ఎప్పుడు "ఈ పని నా వల్ల కాదు" అని దిగిపోవలెనో తెలియుటకు ఏండ్లు పట్టును. మడ్‌గార్డుపై ఇద్దరు స్నేహితులు కూర్చున్నపుడు ఆ కొద్ది నిదానము కూడ పోవును. ప్రపంచమంతటను 5 నుండి 29 ఏండ్ల వయస్సువారి మరణములకు రోడ్డు ప్రమాదములే మొదటి కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది.

వెనుక ఉన్న ప్రాణములు

2018 మార్చి 25వ తేదీన మన జిల్లాలోని మెండోరాలో జనముతో క్రిక్కిరిసిన ఆటో ఒకటి రోడ్డు ప్రక్క బావిలో పడి, పిల్లలతో సహా పలువురు మరణించిరి. అదే సంవత్సరము జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయిరి. వారిలో ఎక్కువమంది పొలము పనికి పోవు స్త్రీలు. వీనిని తలచుట ఎవరినో నిందించుటకు గాదు. స్టీరింగు పట్టినవాని చేతిలో ఎన్ని ఇండ్ల దీపములు ఉండునో చూపుటకే. ట్రాలీ సరకులకే గాని మనుష్యులకు గాదు.

చట్టము తండ్రినే అడుగును

మోటారు వాహనముల చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనిదే రోడ్డుపై ట్రాక్టరు గాని, కారు గాని నడుపరాదు. పదహారేండ్లవారికి 50 సి.సి.కి మించని మోటారు సైకిలు మాత్రమే, అదియు లైసెన్సుతో, అనుమతింపబడినది. మన ఊళ్ళలోని మోటారు సైకిళ్ళు దాదాపు అన్నియు దానికి మించినవే.

2019లో చేర్చిన 199-ఏ సెక్షను ప్రకారము, మైనరు బండి నడిపి నేరము చేసినచో తండ్రి, సంరక్షకుడు లేదా బండి యజమాని దోషియగును. మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా కలవు. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ పిల్లవానికి 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు రాదు. తనకు తెలియకుండ తీసికొనిపోయినాడని చెప్పు తండ్రి ఆ మాటను తానే ఋజువు చేసికొనవలెను. ఇంతే గాదు. లైసెన్సు లేనివాడు నడిపిన బండి విషయమున, ఇన్సూరెన్సు కంపెనీ బాధితులకు చెల్లించిన సొమ్మును యజమాని నుండి రాబట్టుటకు కోర్టులు అనుమతించుచున్నవి. ఒక్క సాయంత్రపు సౌకర్యమునకు భూమి అమ్ముకొను స్థితి రావచ్చును.

స్వంత పొలము రోడ్డు గాదు, అచ్చట ఈ నియమము వర్తించదని కొందరందురు. కాని బండి తిరుగబడుటకు పొలమే మొదటి చోటు.

ఎట్లు నేర్పవలెను?

కుమారునికి యంత్రముపై ఉన్న ఆసక్తిని అణచవద్దు. పదహారేండ్ల వయస్సున ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, ఆయిలు చూచుట, ఎయిరు ఫిల్టరు శుభ్రము చేయుట, గ్రీజు పెట్టుట, టైర్ల గాలి చూచుట నేర్పుడు. పి.టి.ఓ. షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకండుకు 9 చుట్లు తిరుగును. వ్రేలాడు తువ్వాలతో, లుంగీతో దాని దరికి పోరాదని ఇప్పుడే చెప్పుడు.

పదునెనిమిది నిండగానే లర్నరు లైసెన్సు తీయించుడు. మొదట సమతలమైన ఎండు చేనులో, పనిముట్లు లేకుండ నేర్పవలెను. ట్రాక్టరునకు ఒక్కటే సీటు. నేర్పువానికి వేరు బ్రేకు లేదు. కావున మడ్‌గార్డుపై కూర్చుండక, దూరముగ నేలపై నిలిచి చెప్పవలెను. ఖాళీ ట్రాలీ, తరువాత నిండు ట్రాలీ, చివరకు రోడ్డు. ఈ వరుస తప్పరాదు.

గ్రామాధికారులకు

రోడ్డుపై ధాన్యము, మక్కలు ఆరబోయుటను మాన్పి వేరు స్థలము చూపుడు. ఆ రాసులపై మోటారు సైకిళ్ళు జారి పడుచున్నవి. రోడ్డు ప్రక్కనున్న గట్టులేని బావులను లెక్కించి, వానికి గోడ కట్టించుడు. రాత్రివేళ రోడ్డుపై నడచు ప్రతి ట్రాలీకి వెనుక ఎఱ్ఱని రిఫ్లెక్టర్లు అంటించునట్లు చూడుడు. ప్రమాదము జరిగిన వెంటనే 108కి ఫోను చేయవలెనని బడి పిల్లలకు గూడ తెలుపుడు.

తాళపుచెవిని బండికే వదలుట మన ఊళ్ళలో వాడుక. ఈ రాత్రి నుండి దానిని తీసి, మీ చేతికి అందుచోట, పిల్లవానికి అందనిచోట ఉంచుడు. ఏల అని కుమారుడు అడిగినచో కోపింపక, పైన చెప్పిన నాలుగు సంగతులను బండి వద్దనే నిలబడి చూపుడు. అదియే వానికి మొదటి పాఠము.