తెర మీది తిండి, మన రంజాన్ కిట్

ఆహారం మీద తీసిన డాక్యుమెంటరీ చిత్రాలను మేము కొన్నేళ్లుగా బడిలో పాఠంగా చూపిస్తున్నాం. పుస్తకంలోని పోషకాల పట్టిక పిల్లలకు పరీక్ష దాకే గుర్తుంటుంది. తెర మీద చూసింది మాత్రం ఇంటికి పోయి అమ్మకు చెబుతారు. ఈ చిత్రాల బలం అదే. అయితే ఊరికే చూపిస్తే చాలదు. ఈ పాఠానికి మూడు మెట్లున్నాయి.

మొదటిది, ప్రశ్నించడం. 2004లో వచ్చిన ‘సూపర్ సైజ్ మీ’ చిత్రంలో మోర్గాన్ స్పర్లాక్ 30 రోజులు మెక్‌డొనాల్డ్స్ తిండి మాత్రమే తిని సుమారు 11 కిలోల బరువు పెరిగాడు. పిల్లలు నోరు వెళ్లబెట్టి చూస్తారు. అప్పుడు అడుగుతాం: ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగం అందరికీ వర్తిస్తుందా? తనకు మద్యం అలవాటు ఉండేదని 2017లో ఆయనే చెప్పుకున్నాడు. కాబట్టి దోషమంతా ఆ తిండిదే అనలేం. చిత్రం ఆలోచన రేపుతుంది. రుజువు వేరే వెతుక్కోవాలి.

రెండవది, లెక్క కట్టడం. కోలా సీసా మీది అచ్చు చదివిస్తాం. 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర. అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములు, దాదాపు ఆరు చెంచాలు. అదనంగా కలిపే చక్కెర రోజంతటికీ ఈపాటికి మించకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది.

మూడవది, మన నేలతో ముడిపెట్టడం. ఇందుకు అమెరికా దాకా పోనక్కరలేదు. మన తెలంగాణలోనే జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లోని దళిత రైతు స్త్రీలు కెమెరా పట్టారు. వారిలో చాలామందికి చదువు రాదు. అయినా జొన్నలు, కొర్రలు, విత్తనాల గురించి సొంతంగా చిత్రాలు తీశారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. 2019లో ఆ సొసైటీకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెట్టి తీసే దృశ్యాన్ని ఆ స్త్రీలు ‘సంఘం షాట్’ అంటారు. సంఘంలో అందరూ సమానం కదా!

ఆ జొన్న మనకూ కొత్తది కాదు. మా చిన్నతనంలో నానీ చేతి జొన్న రొట్టె, పుంటికూర, ఖట్టీ దాల్‌తో పూట గడిచేది. తర్వాత కాలువ నీళ్లతో కరీంనగర్ వైపు వరి పెరిగింది, ఆదిలాబాద్ వైపు పత్తి పరుచుకుంది. పళ్లెంలో రొట్టె పోయి మూడు పూటలా అన్నం మిగిలింది.

ఒకనాడు ఈ పాఠం అయ్యాక ఒక అమ్మాయి లేచి, “సార్, మాకొచ్చిన రంజాన్ కిట్‌లో చక్కెర, మైదా, నూనే ఎక్కువున్నయి. ఇచ్చినోళ్లు ఈ సినిమా చూడలేదా?” అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆ కిట్లు కట్టిన చేతుల్లో మా చేతులూ ఉన్నాయి.

దాతలైన సోదర సోదరీమణులారా! రేషన్ షాపులో ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల బియ్యం అందుతున్నాయి. పేద ఇంటికి కరువైంది పప్పు, కూర. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో వెలువరించిన 17 సూత్రాల్లోనూ పప్పులు, కూరగాయలు పెంచి ఉప్పు, చక్కెర, నూనె తగ్గించమనే ఉంది. కాబట్టి ఈసారి మైదా బదులు జొన్నపిండి పెడదాం. షీర్ ఖుర్మాకు చాలినంత చక్కెర ఉంచి, మిగతా సొమ్ముతో కందిపప్పు, శనగలు, పల్లీలు కొందాం. రొట్టె కొట్టడం మరిచిన కోడళ్లకు నేర్పే పెద్దమ్మలు ప్రతి మొహల్లాలో ఉన్నారు. ఒక మాట గుర్తుంచుకోవాలి: జొన్న మందు కాదు. షుగర్ ఉన్నవారు డాక్టర్ రాసిన మాత్రలు మానకూడదు.

కిట్ కట్టే ముందు మనల్ని మనం అడుగుదాం: ఇది మా పిల్లల పళ్లెంలో పెడతామా? అలా అడిగితే మన దానం కూడా సంఘం షాట్ అవుతుంది. వచ్చే ఏడు ఆ అమ్మాయికి జవాబు చెప్పగలం, ఇన్షా అల్లాహ్.