జలాంతర రోబోటిక్స్ పోటీ, 2004: కార్ల్ హేడెన్ పాఠశాల విజయం – అవగాహన

నేపథ్యం

2004 జూన్‌లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరా ప్రాంగణంలో విద్యార్థుల జలాంతర రోబోల పోటీ జరిగింది. అరిజోనా రాష్ట్ర రాజధాని ఫీనిక్స్‌కు చెందిన కార్ల్ హేడెన్ కమ్యూనిటీ హైస్కూల్ అందులో సమగ్ర విజేతగా నిలిచింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే ఎంఐటీ, ద్వితీయ స్థానం పొందింది. విజేత జట్టులో విద్యార్థులు నలుగురు. ఫీనిక్స్ ఎడారి నగరం, సముద్రతీరం లేదు.

నిర్వాహక సంస్థ

మెరైన్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ ఎడ్యుకేషన్ సెంటర్. పొడి అక్షరాల్లో ‘మేట్’. స్థాపన 1997. కేంద్రం కాలిఫోర్నియాలోని మాంటెరీ. తొలి పోటీ 2002లో జరిగింది. అప్పటి పోటీలో ప్రారంభ స్థాయి రేంజర్, ఉన్నత స్థాయి ఎక్స్‌ప్లోరర్. కార్ల్ హేడెన్ జట్టు ఎంచుకున్నది ఎక్స్‌ప్లోరర్, అంటే కళాశాలలు తలపడే విభాగం. ఓడితే కళాశాలల చేతిలోనే ఓడతాం, అందులో నామోషీ తక్కువ అన్నది ఉపాధ్యాయుల లెక్క.

నిర్వచనం, వర్గీకరణ

జలాంతర వాహనాలు ప్రధానంగా మూడు రకాలు. ఒడ్డున లేదా ఓడపై ఉన్న చోదకుడు తీగ ద్వారా నడిపేది దూరనియంత్రిత వాహనం, ఆర్‌ఓవీ. తీగ లేకుండా ముందే ఇచ్చిన ఆదేశాల ప్రకారం తిరిగేది స్వయంచాలిత వాహనం, ఏయూవీ. మనుషులు లోపల కూర్చుని దిగేది మానవసహిత వాహనం. రేడియో తరంగాలను నీరు, ముఖ్యంగా ఉప్పునీరు, త్వరగా శోషిస్తుంది. అందుకే మొదటి రకానికి తీగ తప్పనిసరి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందించిన రోసబ్ 6000 మొదటి రకం. భారత మానవసహిత లోతు సముద్ర యాత్ర సముద్రయాన్ కోసం ముగ్గురు ప్రయాణికులతో 6,000 మీటర్ల లోతు లక్ష్యంగా తయారవుతున్న మత్స్య 6000 మూడో రకం. రెండింటి పేర్లలోనూ 6000 ఉండటం వల్ల పరీక్షలు రాసే అభ్యర్థులు తారుమారు చేస్తుంటారు.

‘స్టింకీ’ నిర్మాణం

రోబో పేరు స్టింకీ, అంటే కంపు కొట్టేది. పైపులు అతికించిన జిగురు వాసన వల్ల ఆ పేరు వచ్చింది. వ్యయం సుమారు 800 డాలర్లు. ఎంఐటీ జట్టుకు చమురు సంస్థ ఎక్సాన్ మొబిల్ ప్రాయోజకత్వం ఉంది.

చట్రానికి వాడినది ఇళ్లలో నీళ్ల కోసం వేసే పీవీసీ పైపులే. వీటిని పేదరికపు గుర్తుగా మాత్రమే చెప్పే వ్యాసాలు అసలు విషయాన్ని వదిలేస్తాయి. మూసిన పైపుల్లో చిక్కిన గాలి ప్లవనశక్తినిస్తుంది. అంటే ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం వాహనం బరువును మోయడానికి వేరే తేలుడు సామగ్రి పెద్దగా అక్కర్లేదు. అదే పైపుల లోపలి నుంచి తీగలూ పోతాయి.

బ్యాటరీని ఒడ్డున ఉంచకుండా నీరు చొరని పెట్టెలో పెట్టి రోబోపైనే అమర్చారు. దీనితో విద్యుత్తు మోసే లావుపాటి తీగ అవసరం తప్పింది. సన్నని తీగ ఈడ్పు తక్కువ, కదలిక సులభం. పెట్టెలోకి నీరు వస్తే అన్నీ కాలిపోతాయన్నది ఇందులోని ప్రమాదం. పోటీకి ముందు పరీక్షలో నీరు రానే వచ్చింది. రాత్రికి రాత్రి తీగలు మళ్లీ టంకం వేసి, పెట్టెలో ట్యాంపాన్లు ఉంచారు. ఋతుస్రావ వేళ స్త్రీలు వాడే శోషక సాధనాలివి. చిన్న పరిమాణంలో ఎక్కువ ద్రవాన్ని పీల్చగల వస్తువు దుకాణంలో అంతకంటే చవకగా దొరకదు. సమాధానపత్రంలో ఈ పదం రాయడానికి సంకోచించనవసరం లేదు.

కొలనులో మునిగిన జలాంతర్గామి నమూనాను పరిశీలించడం, కొలవడం, పీపాలోని ద్రవాన్ని సేకరించడం వంటి పనులున్నాయి. ద్రవ సేకరణకు వంచిన రాగి గొట్టం, చిన్న పంపు, బెలూన్ వాడారు.

మార్కుల విధానం

విజయాన్ని అద్భుతంగా వర్ణించడం పత్రికల అలవాటు. మార్కుల పట్టిక చూస్తే అంత ఆశ్చర్యం ఉండదు. కొలనులోని పనులకే కాక, లిఖిత సాంకేతిక నివేదికకూ, న్యాయనిర్ణేతల మౌఖిక పరీక్షకూ మార్కులున్నాయి. లేజర్ దూరమాపకం నీటిలో సరైన కొలత ఎలా ఇస్తుందన్నది అక్కడ వచ్చిన ప్రశ్న. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33 కనుక కాంతి నెమ్మదిస్తుంది, కొలత ఎక్కువగా కనిపిస్తుంది. జట్టు సుమారు 30 శాతం సవరణ చేసినట్లు వివరించింది. సమగ్ర విజయంతో పాటు రూపకల్పన, సాంకేతిక రచన పురస్కారాలూ ఈ జట్టుకే వచ్చాయి. ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు ఆంగ్ల నివేదికలో ఎంఐటీని దాటడం రోబో గెలుపు కంటే పెద్ద విశేషం.

చట్టపరమైన అంశాలు

నలుగురూ మెక్సికోలో పుట్టి, అధికారిక పత్రాలు లేకుండా అమెరికాలో పెరిగినవారే. అలాంటి పిల్లలకు పాఠశాల విద్య నిరాకరించరాదని 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కళాశాలకు ఆ రక్షణ వర్తించదు. 2006లో అరిజోనా ఓటర్లు ఆమోదించిన 300వ ప్రతిపాదన వీరికి స్థానికుల రుసుము రాయితీని తొలగించింది. బాల్యంలో వచ్చినవారికి బహిష్కరణ నుంచి తాత్కాలిక ఊరటనిచ్చే డాకా విధానం 2012 జూన్ 15న ప్రకటితమైంది. జట్టు సభ్యుడు ఆస్కార్ వాస్క్వెజ్ 2009లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా పొంది, చట్టబద్ధంగా తిరిగి రావాలని మెక్సికో వెళ్లాడు. పదేళ్ల నిషేధం ఎదురైంది. మినహాయింపు దక్కడంతో 2010లో తిరిగివచ్చి అమెరికా సైన్యంలో చేరాడు.

తరచూ పొరబడే అంశాలు

జర్నలిస్టు జాషువా డేవిస్ వైర్డ్ పత్రికలో 2005లో రాసిన కథనం ఈ విజయాన్ని ప్రసిద్ధం చేసింది. ఆయన పుస్తకం ‘స్పేర్ పార్ట్స్’ 2014లో, అదే పేరుతో చలనచిత్రం 2015లో వచ్చాయి. మేరీ మాజియో డాక్యుమెంటరీ ‘అండర్‌వాటర్ డ్రీమ్స్’ 2014 నాటిది. చలనచిత్రంలో జట్టును నడిపించే ఉపాధ్యాయుడు ఒక్కడే, పేరు ఫ్రెడి క్యామరాన్. వాస్తవంలో ఇద్దరు: ఫ్రెడి లజ్వర్ది, అలెన్ క్యామరాన్.