బొగ్గులోని ఖాళీ

1918వ సంవత్సరంలో అమెరికా పట్టణాల వీధి మూలల్లో పీపాలు వెలిశాయి. పీచ్ పండ్లు తిన్నవారు టెంకలను పారవేయక, ఎండబెట్టి వాటిలో వేయవలసిందిగా ప్రభుత్వం ప్రజలను కోరింది. సుమారు 200 టెంకలుంటే ఒక సైనికుని గ్యాస్ మాస్కుకు సరిపడే బొగ్గు తయారవుతుందని ప్రకటనలు వెలువడ్డాయి.

పండు టెంకకూ యుద్ధానికీ సంబంధమేమిటి? 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ పట్టణం వద్ద జర్మన్ సేనలు క్లోరిన్ వాయువును వదిలాయి. గాలికంటె బరువైన ఆ వాయువు నేలబారున పాకుతూ వచ్చి కందకాలలోకి దిగింది. తుపాకి గుండ్లనుండి కాపాడిన కందకమే మృత్యుకుహరమైంది. మొదట సైనికులు తడిగుడ్డలు, రసాయన ద్రవంలో ముంచిన దూది పట్టీలు ముక్కుకు కట్టుకొన్నారు. క్లోరిన్‌ను అవి కొంతవరకు ఆపాయి గాని, శత్రువు వాయువును మార్చినపుడు అవి నిష్ప్రయోజనమయ్యేవి. పలు విషవాయువులను ఒకేసారి పట్టి ఉంచగల పదార్థం కావలసి వచ్చింది. ఆ ఏడాదే రష్యా రసాయన శాస్త్రవేత్త నికొలాయ్ జెలిన్‌స్కీ ఉత్తేజిత బొగ్గు నింపిన ముసుగును రూపొందించాడు.

బొగ్గు బలమంతా దానిలోని ఖాళీలో ఉంది. కట్టెను ఆరుబయట కాల్చితే బూడిదే మిగులుతుంది. అదే కట్టెను బట్టీలో పేర్చి, మట్టి కప్పి, గాలి చొరనీయక కాల్చితే బొగ్గు లభిస్తుంది. బొగ్గులు కాల్చేవారికి తరతరాలుగా తెలిసిన ఈ పనినే శాస్త్రజ్ఞులు ఉష్ణవిఘటనం అంటారు. ఆక్సిజన్ అందనిచోట సుమారు 400 నుండి 800 డిగ్రీల సెల్సియస్ వేడికి సెల్యులోజు, లిగ్నిన్ వంటి పెద్ద అణువులు విరిగి, నీటి ఆవిరిగా, తారుగా, వాయువులుగా వెడలిపోతాయి. మిగిలిన కర్బనపు పొరలు అడ్డదిడ్డంగా పేరుకొంటాయి. వాటి నడుమ సందులు ఏర్పడతాయి గాని, తారు వాటిని పూడ్చివేస్తుంది.

అందుచేత రెండవ దశ అవసరమవుతుంది. 800 నుండి 1000 డిగ్రీల వద్ద బొగ్గు మీదుగా నీటి ఆవిరిని పంపుతారు. ఆవిరి కర్బనంతో కలిసి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వాయువులుగా మారుతూ, చెదపురుగు కొయ్యను తొలిచినట్లు బొగ్గును తొలుస్తుంది. ఇందులో నేర్పు కావాలి. త్వరగా ఆపితే రంధ్రాలు చాలవు. ఎక్కువసేపు సాగితే రంధ్రాల నడుమ గోడలే కూలిపోతాయి. చక్కగా తయారైన ఒక గ్రాము బొగ్గులో సుమారు వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. అనగా నాలుగు గ్రాముల బొగ్గులో దాదాపు ఒక ఎకరం! వాయు అణువులు ఆ రంధ్రాల గోడలకు అంటుకొని నిలిచిపోతాయి. ఇదే అధిశోషణం.

ముడిపదార్థాన్ని బట్టి రంధ్రాల తీరు మారుతుంది. గట్టిదైన కొబ్బరి చిప్పనుండి అతి సన్నని రంధ్రాల బొగ్గు వస్తుంది. వాయువులను పట్టుటలో అది మేటి. అమెరికాకు కావలసినన్ని చిప్పలు ఓడలలో చేరకపోవడం వల్లనే పీచ్ టెంకలకు అంత గిరాకీ కలిగింది. గనులనుండి తీసిన బొగ్గుకూ ఇదే సంస్కారం చేస్తారు. దానిలో చిన్నవీ పెద్దవీ రంధ్రాలు కలిసి ఉంటాయి. నీటి శుద్ధికి అది అనుకూలం. అయితే ఖనిజాల వల్ల బూడిద శాతం అధికం. కొయ్యకు ఫాస్ఫారిక్ ఆమ్లం చేర్చి వేడిచేస్తే పెద్ద రంధ్రాల బొగ్గు లభిస్తుంది. చక్కెర పానకం రంగును విరచడానికి అది ఉపయోగపడుతుంది.

ఈప్ర్‌లో ప్రాణాలు తీసిన క్లోరిన్, నేడు సూక్ష్మజీవులను చంపడానికి కుళాయి నీటిలో కొద్దిగా కలుపబడుతున్నది. ఆ వాసనను ఇంటి వడపోత యంత్రంలోని కొబ్బరి చిప్ప బొగ్గు తొలగిస్తుంది. కాని బొగ్గు సర్వరోగ నివారిణి కాదు. కార్బన్ మోనాక్సైడును అది ఆపలేదు. నీటిలో కరిగిన ఉప్పు దానిని దాటిపోతుంది. నల్లగొండ ప్రజల ఎముకలను వంచిన ఫ్లోరైడును సైతం మామూలు బొగ్గు అంతగా పట్టలేదు. అందుకు పటిక, సున్నం వాడే వేరొక పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది. ఆ పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు.